మూడు వందల అంకెల తాళం

అనిల్‌కుమార్‌ను చంపినవాళ్లు అతని ల్యాప్‌టాప్ తీసుకెళ్లారు, ఫోన్ తీసుకెళ్లారు, జేబులోని చిత్తు కాగితాలు కూడా వదల్లేదు. చనిపోయే ముందు అతను పంపిన వాయిస్ మెసేజ్‌ను మాత్రం ఆపలేకపోయారు. వాళ్లు ఫోన్ లాక్కునేసరికే అది హైదరాబాద్ చేరిపోయింది.

శవం భద్రాచలం రోడ్డులో, పాల్వంచ దాటాక, టేకు చెట్ల మధ్య దొరికింది. అనిల్‌కుమార్ డిపార్ట్‌మెంట్‌లో కోడ్‌లు విప్పే మనిషి. తుపాకీ పట్టడం రాదు, ఈత రాదు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే గ్లాసుడు నీళ్లు తాగేవాడు. అలాంటివాణ్ని వెనక నుంచి కాల్చారు. ఆ పని చేసినవాడిలో మగతనం లేదనుకోవాలి, తెలివి మాత్రం ఉంది. ఈ కేసులో ప్రమాదకరమైనది తుపాకీ కాదని వాడికి తెలుసు.

ఉదయం ఎనిమిదిన్నరకు ఖమ్మంలో, మిర్చి యార్డుకు ఎదురుగా ఉన్న లాడ్జిలో ఏజెంట్ సంపత్ ఫోన్ మోగింది. మూడు వారాలుగా అతను అక్కడ మిర్చి వ్యాపారి వేషంలో ఉంటున్నాడు. లైన్‌లో చీఫ్ జయప్రకాశ్. ముందు మాటలేవీ లేకుండా వాయిస్ మెసేజ్ వినిపించాడు. అనిల్‌కుమార్ ఆయాసపడుతూ చెప్పింది రెండే ముక్కలు.

"ప్రైమ్‌ని చూడొద్దు. ఒకటి తీసేసి చూడండి."

"దీనర్థం ఏంది సార్?" అన్నాడు సంపత్.

"అర్థం తెలిసినవాడు చచ్చిపోయాడు," అన్నాడు జయప్రకాశ్. ఆ తర్వాత బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

కార్వర్ అనే విదేశీయుడు. అతని ముఠా అమ్మే సరుకు విధ్వంసం. కొనేవాళ్లు నాలుగు దేశాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంటారు. ఈరోజు వాళ్లకు డెమో. స్థలం కొత్తగూడేనికీ భద్రాచలానికీ నడుమ అడవిలో ఉన్న రాళ్లవాగు ఇంక్లైన్ అనే బొగ్గు గని. ఆ గని అడుగున ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన సొరంగాల్లో చెరువంత నీరు నిలిచి ఉంది. దాన్ని ఆపుతున్నది ఒక కాంక్రీట్ గోడ. సర్వే టీమ్ వేషంలో దిగిన కార్వర్ మనుషులు ఆ గోడకు పేలుడు పదార్థం బిగించి వచ్చారు. మధ్యాహ్నం రెండింటికి గోడ పోతుంది. మొదటి షిఫ్ట్‌లో దిగిన నలభై మూడు మంది మునిగిపోతారు.

బయటికి రప్పించడానికి వీల్లేదు. గోడ దగ్గర కెమెరా ఉంది, షిఫ్ట్ ముందుగా కదిలితే కార్వర్ అప్పుడే పేల్చేస్తాడు. కార్వర్‌ను కాల్చి పడేయడానికీ వీల్లేదు. అతని ట్యాబ్లెట్ నుంచి ప్రతి నిమిషం ఒక సిగ్నల్ బాంబుకు అందుతుంటుంది, అది ఆగినా పేలుతుంది. ఆపగలిగేది స్టాప్ కమాండ్ ఒక్కటే. ఆ కమాండ్‌కు తాళం ఉంది. తప్పుడు తాళంచెవితో రెండుసార్లు ప్రయత్నిస్తే బాంబు ఓర్చుకుంటుంది, మూడో తప్పుకు పేలుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

రాళ్లవాగు మొదటి షిఫ్ట్‌లో సంపత్ అన్న ఎల్లస్వామి ఉన్నాడని జయప్రకాశ్‌కు తెలుసు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

వాళ్ల నాయన బొగ్గు బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలి చనిపోయినప్పుడు కంపెనీ ఆయన ఉద్యోగం ఇంట్లో ఒక కొడుక్కి ఇస్తానంది. కొడుకులు ఇద్దరు, ఉద్యోగం ఒక్కటి. అన్నకు చదువంటే ప్రాణం, తమ్ముడు ఇంటర్ లెక్కల పరీక్ష మూడుసార్లు రాసినవాడు. న్యాయంగా బాయిలోకి దిగాల్సింది సంపత్. ఎల్లస్వామి మాత్రం తమ్ముడికి చెప్పకుండా పోయి సంతకం పెట్టి వచ్చాడు. అది జరిగి పంతొమ్మిదేళ్లు. సంపత్ ఎన్ని దేశాలు తిరిగినా, అన్న తన బదులు చీకట్లో ఉన్నాడన్న సంగతి ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

తొమ్మిదింబావుకు యార్డులో బస్తాల మధ్య ఒక ఆమె కనిపించింది. తెల్ల పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మడమల చెప్పులు. మిర్చి యార్డులో ఆ అవతారం చూసి హమాలీలు మోస్తున్న బస్తాలు దించేసి నిలబడ్డారు. లిఖిత. కార్వర్‌కు కుడిచెయ్యి, రెండేళ్లుగా జయప్రకాశ్‌కు ఎడమచెయ్యి. ఆ రెండు చేతుల్లో ఆమె అసలు చెయ్యి ఏదో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ పందెం కాయలేదు.

"తేజా రకం ఉందా?" అంది.

"తాలు మిగిలింది," అన్నాడు సంపత్. కోడ్ కలిసింది. లిఖిత నాలుగు తుమ్ములు తుమ్మి, తనకు తెలిసింది గబగబా చెప్పేసింది.

కార్వర్ తాళానికి ఆధారం మూడు వందల అంకెల ప్రైమ్ సంఖ్య. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోని సంఖ్య. ట్యాబ్లెట్టూ బాంబూ గాల్లో బహిరంగంగానే మాట్లాడుకుంటాయి, ఎవరైనా వినొచ్చు. విన్నదాంట్లోంచి తాళంచెవి అయిన రహస్య సంఖ్యను బయటికి లాగాలంటే లక్ష ఏళ్లు పడుతుంది, ఆ ప్రైమ్ అడ్డు. కార్వర్‌కు అనుమానం జబ్బు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రైమ్‌లలో గూఢచారి సంస్థలు దొంగదారులు పెట్టి ఉంచాయని అతని నమ్మకం. అందుకే లోకంలో ఎవరి దగ్గరా లేని ప్రైమ్ కావాలన్నాడు, చేత్తో చేసింది, రుజువుతో సహా. దాన్ని చేయించి తెచ్చింది లిఖితే, విదేశీ యూనివర్సిటీ తరఫున వచ్చానని అబద్ధమాడి. ఆ సంఖ్యను నిన్న అనిల్‌కుమార్‌కు అందించింది కూడా ఆమే. ఇప్పుడు దాని కాపీ ఆమె దగ్గర లేదు.

"చేసిందెవరు?"

"ఎర్రుపాలెం. చెంచురామయ్య మాస్టారు. పాపం, ఆయనకేమీ తెలీదు," అంది లిఖిత. ఆ 'పాపం' అన్నప్పుడు మాత్రం ఆమె నటించలేదు.

ఎర్రుపాలెం శివార్లలో మిర్చి కల్లం. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన, టార్పాలిన్ నీడలో, డెబ్భై ఏళ్ల మనిషి బనీనుతో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. చెంచురామయ్య ముప్పై మూడేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. జవాబు సరిగ్గా ఉన్నా స్టెప్పులు లేకపోతే సున్నా వేసేవాడని ఆ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పేరు. ఎమ్మెల్యే కొడుక్కీ సున్నా వేశాడు, సొంత కొడుక్కీ వేశాడు.

సంపత్ గని సంగతీ, ప్రైమ్‌లో లోపం దొరికితేనే తాళం తెరుచుకుంటుందన్న సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. దాచడానికి టైమ్ లేదు. నలభై మూడు మంది అన్న మాట దగ్గర మాస్టారి చేతులు ఆగిపోయాయి. అయినా మొదట నోటివెంట వచ్చింది పౌరుషమే.

"నా ప్రైమ్‌లో లోపమా? ఎవడన్నాడు ఆ మాట? కంప్యూటర్లు ఇచ్చేవన్నీ ప్రైమే అయ్యుండొచ్చు అనే బాపతు బాబూ. పది పరీక్షలు పెట్టి, నెగ్గింది కదా, దాదాపు ఖాయం అంటారు. దాదాపు ఏంటి? నేనిచ్చింది అట్లాంటిది కాదు. ఏడు నెలలు కూర్చుని రుజువు రాశాను. రెండు లాంగ్ నోట్‌బుక్కులు."

సంపత్ వాయిస్ మెసేజ్ వినిపించాడు. ప్రైమ్‌ని చూడొద్దు, ఒకటి తీసేసి చూడండి.

మాస్టారు కళ్లద్దాలు తీశాడు. వాటిని బనీనుకు తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు. ఆ కుర్రాడెవరో గొప్పవాడయ్యా అన్నాడు. ఆ కుర్రాడు పొద్దున్నే పోయాడని సంపత్ చెప్పలేకపోయాడు, చెప్పకపోయినా మాస్టారికి అర్థమైంది.

ఆయన లోపలికెళ్లి పాత ల్యాప్‌టాప్, రెండు నోట్‌బుక్కులు సంచిలో వేసుకుని, చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎక్కడికని ఇంట్లోంచి కేక వినిపించింది. పేపరు దిద్దడానికని చెప్పి బొలెరో ఎక్కాడు.

మధిర, వైరా, తల్లాడ. బొలెరో వెనక మిల్లులో పట్టించిన కారం బస్తాలు నాలుగు ఎగిరెగిరి పడుతున్నాయి. మిర్చి వ్యాపారి వేషానికి అవి సంపత్ వేసుకున్న మేకప్. టైమ్ పదకొండున్నర. మాస్టారు చెప్పుకుంటూ పోతున్నాడు. సంపత్‌కు వినిపించడానికి కొంత, తనను తాను తిట్టుకోవడానికి కొంత.

ఇంత పెద్ద సంఖ్య ప్రైమని రుజువు చేయాలంటే ఒక రాజమార్గం ఉంది. దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యను తీసుకుని, దాన్ని పూర్తిగా విడగొట్టి చూపించాలి. మామూలుగా అది కుదరని పని, ఎందుకంటే ఆ సంఖ్యలోనూ విడగొట్టలేని పెద్ద ముక్కలుంటాయి. మాస్టారు కిటుకు కనిపెట్టాడు. ముందు చిన్న చిన్న ప్రైమ్‌లు తొంభై తీసుకుని ఇటుకల్లా పేర్చి హెచ్చించాడు. వచ్చినదానికి ఒకటి కలిపాడు. ప్రైమ్ కాకపోతే ఇటుకలు మార్చాడు. అలా ఏడు నెలలు. చివరికి దొరికింది. ఒకటి తక్కువ సంఖ్య ఆయన చేతులతో కట్టిందే కాబట్టి రుజువు చకచకా నడిచింది.

"రుజువుకి అదే బలం. తాళానికి అదే చిల్లు," అన్నాడు మాస్టారు. "ఆ సంగతి నాకు తట్టనే లేదయ్యా. తాళం కోసమని వాళ్లు చెప్పలేదు, నేనడగలేదు. నా రుజువు చదువుతాం అన్నవాళ్లు జీవితంలో మొదటిసారి దొరికారు. ఆ మురిపెంలో పడిపోయాను."

సంపత్‌కు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కలేదని ఒప్పుకున్నాడు. మాస్టారికి కోపం రాకపోగా కాస్త ప్రాణం లేచొచ్చింది, ముప్పై మూడేళ్లూ అలాంటివాళ్లతోనే కదా ఆయన బతుకు.

"నీ దగ్గర ఎన్ని బస్తాలున్నాయో నాకు చెప్పకు. మూడేసి పేరిస్తే ఎన్ని మిగిలాయో చెప్పు. ఐదేసి పేరిస్తే ఎన్ని మిగిలాయి, ఏడేసి పేరిస్తే ఎన్ని మిగిలాయి. ఆ మూడు శేషాలు చాలు, నూటైదు లోపు ఎన్నున్నాయో నేను చెప్పేస్తా. వాడి రహస్య సంఖ్యా అంతే. లక్ష ఏళ్ల లెక్కే, కానీ ఒక్కసారిగా పట్టబోతేనే. నా తొంభై ఇటుకల్లో ఒక్కోదానికి ఒక్కో శేషం విడివిడిగా పట్టుకోవచ్చు. అన్నీ నాలుగంకెలు దాటనివే. తొంభై శేషాలు కలిపితే రహస్యం బయటపడుతుంది."

"ఎంతసేపు పడుతది మాస్టారూ?"

"ఈ డొక్కు ల్యాప్‌టాప్ మీదయితే నలభై నిమిషాలు."

చిక్కల్లా ఒకటే. లెక్క మొదలవాలంటే ట్యాబ్లెట్టూ బాంబూ మాట్లాడుకునే మాట వినాలి. అది గని దగ్గర రెండు కిలోమీటర్ల లోపలే వినిపిస్తుంది. సంపత్ యాక్సిలరేటర్ మీద నిలబడ్డంత పని చేశాడు. జూలూరుపాడు దగ్గర పత్తి లారీ అడ్డం తిరిగి పన్నెండు నిమిషాలు తినేసింది. ఆ పన్నెండు నిమిషాలూ సంపత్ స్టీరింగ్‌ను గుద్దుతూ, ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కాడు.

గనికి గాలి ఆడించే ఫ్యాన్ హౌస్ అడవిలో, ఇంక్లైన్ మూతికి కిలోమీటరు దూరంలో ఉంటుంది. లోపలి చెడు గాలిని అది పెద్ద గొట్టంలోంచి బయటికి తోస్తుంటుంది. గొట్టం ఎదురుగా, యాభై అడుగుల్లో, పక్షుల సర్వే అని బోర్డు పెట్టిన గుడారం. అందులో కార్వర్, నలుగురు గార్డులు, లిఖిత. గని అడుగు నుంచి వచ్చిన కేబుల్ ఫ్యాన్ గోడ పక్కన యాంటెనాకు కలిసి ఉంది. సంపత్ బొలెరోను ఫ్యాన్ హౌస్ వెనక, వెదురు పొదల్లో ఆపాడు. టైమ్ ఒంటిగంట పద్నాలుగు.

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పరికరం పేరు పావురం. చూడ్డానికి బటన్ ఫోన్. అది గాల్లో మాటలు పట్టగలదు, కమాండ్ పంపగలదు, శేషాలు ఇస్తే కలపగలదు. విడగొట్టడం మాత్రం దానికి రాదు, అది మాస్టారి ల్యాప్‌టాప్ పని. పావురం సంకేతాన్ని పట్టి ల్యాప్‌టాప్‌కు ఇచ్చింది. మాస్టారు నోట్‌బుక్ తెరిచి ఇటుకల జాబితా వరసగా ఎక్కించాడు. రెండు అనే ఇటుక ప్రతి ప్రైమ్ ముందు సంఖ్యలోనూ ఉండేదే కాబట్టి అది మొదట. తర్వాత పెద్దవాటి నుంచి చిన్నవాటికి. బరువు పనులు పొద్దున్నే చేసుకోవాలనేది ఆయన సేద్యంలోనూ సూత్రమే.

ఒక శేషం. రెండు. ఐదు. ప్రతి అర నిమిషానికి ఒకటి రాలుతోంది. సంపత్ తుపాకీ మీద చెయ్యి వేసుకుని గుడారం వైపు చూస్తూ నిలబడ్డాడు. కాళ్ల కింద, ఆరు వందల అడుగుల లోతున, అన్న ఈపాటికి సద్ది విప్పి ఉంటాడు. తెలిసి కూడా అన్నకు ఒక్క మాట చేరవేయలేకపోతున్నాడు. ఆ నిస్సహాయత సంపత్‌కు కొత్త. ముష్టియుద్ధాల్లో, పరుగు పందేల్లో గెలిచే మనిషి ఒక ముసలాయన ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఒకటి నలభై తొమ్మిది. డెబ్భై ఎనిమిది శేషాలు. చెవిలోని బుల్లి స్పీకర్‌లో లిఖిత గొంతు గుసగుసగా వచ్చింది. కొనేవాళ్లు తొందరపడుతున్నారు, కార్వర్ టైమ్ ముందుకు జరిపాడు. ఒకటి యాభై ఆరు.

"జల్దీ మాస్టారూ."

"నేను జల్దీ చేస్తే అది జల్దీ చేయదుగా," అన్నాడు మాస్టారు. చిన్న ఇటుకలు వచ్చేకొద్దీ శేషాలు కాస్త వేగంగా రాలుతున్నాయి. ఎనభై మూడు. ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది.

పొదల్లోంచి ఒక గార్డు బయటికొచ్చింది అప్పుడే. బొలెరోను చూశాడు, మాస్టారిని చూశాడు, అడక్కుండా కాల్చాడు. గుండు మాస్టారి ఎడమ చేతిని చీల్చుకుంటూ పోయి ల్యాప్‌టాప్‌లో దిగింది. స్క్రీన్ ఆరిపోయింది.

సంపత్ చేతిలో తుపాకీ ఉంది. గురి కుదిరింది కూడా. కాల్చలేదు. ఫ్యాన్ గాలిలో గ్యాస్ ఉంటుందని, ఆ చుట్టుపక్కల నిప్పురవ్వ కూడా పనికిరాదని బొగ్గు బాయి పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పుతారు. ఆ గార్డు ఏ దేశం పిల్లాడో, వాడికి ఎవరూ నేర్పలేదు. వాడి మొదటి గుండుకు ఏమీ కాకపోవడం అదృష్టం. సంపత్ జాకీ రాడ్ విసిరాడు. అది మోకాలికి తగిలి గార్డు కూలాడు, రెండో దెబ్బకు నిద్రపోయాడు.

చప్పుడుకు గుడారం లేచింది. ముగ్గురు పరుగెత్తుకొస్తున్నారు. వెనక కార్వర్ ట్యాబ్లెట్ ఎత్తి పట్టుకుని ఏదో అరుస్తున్నాడు. ఒక్క బటన్ నొక్కితే చాలు, ఒకటి యాభై ఆరు దాకా ఆగక్కర్లేదు.

సంపత్ బొలెరోను వెనక్కి ఉరికించి గొట్టం పక్కన ఆపాడు. వెనక ఎక్కి, కారం బస్తా మూతి కోసి, గాలి ఎదుట గుమ్మరించాడు. రెండోది. మూడోది. గనిలోని గాలంతా తోసే ఫ్యాన్ అది. క్షణంలో అడవి ఎర్రబడింది. గార్డులు తుపాకులు వదిలేసి కళ్లు పట్టుకుని నేల మీద దొర్లారు. కార్వర్ ఖండాంతరాలు తిరిగినవాడు, ఎన్ని రకాల గ్యాస్ మాస్కులు చూశాడో. ఖమ్మం కారానికి అతని దగ్గర మాస్క్ లేదు. దగ్గుతూ, ఏడుస్తూ, కనపడని ట్యాబ్లెట్ మీద బటన్ కోసం వేళ్లు తడుముతున్నాడు.

అప్పుడు లిఖిత తన చెయ్యి ఏదో తేల్చుకుంది. ఆ మేఘంలో పడి, కళ్లు మూసుకునే వెళ్లి, అతని చేతుల్లోంచి ట్యాబ్లెట్ లాగేసి గుండెకు అదుముకుంది. అది ఆగిపోకుండా, ఎవరూ నొక్కకుండా. ట్యాబ్లెట్‌లోంచి బాంబును ఆపాలంటే అతని బొటనవేలి ముద్ర కావాలి, ఆ వేలిని అతను పిడికిలిలో దాచుకున్నాడు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది.

ఒకటి యాభై నాలుగు. సంపత్ మాస్టారి పక్కన కూలబడి తువ్వాలుతో ఆయన చెయ్యి బిగించి కట్టాడు. ల్యాప్‌టాప్ పోయింది. పావురంలో ఎనభై తొమ్మిది శేషాలున్నాయి. కావాల్సినవి తొంభై.

"ఒక్కటి తక్కువైంది మాస్టారూ," అన్నాడు. అన్న ముఖం కళ్ల ముందు కదిలింది. నాయన పోయిన రోజు ఇంటి ముందు నిలబడ్డ జనం కదిలారు. అలాంటి ఇళ్లు ఈరోజు నలభై మూడు.

మాస్టారు నొప్పికి పళ్లు బిగించి, మిగిలిన ఇటుక ఏదని అడిగాడు. సంపత్ నోట్‌బుక్‌లో జాబితా చివర చూశాడు. మూడు.

"మూడేనా? ఒక్కటే మూడు వేశాను, చూడు."

"ఒక్కటే."

మాస్టారు అంత నొప్పిలోనూ గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే భయం లేదు. మూడుతో శేషం సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. నాలుగోది లేదు. మూడూ పెట్టి చూడు."

"రెండు తప్పులకే ఊకుంటది మాస్టారూ. మూడోది గిట్ల తప్పయితే మన చేతులతోటే పేల్చినట్టు."

"మొదటి రెండూ కాకపోతే మూడోదే అవుతుంది బాబూ. ఇంకేదీ కావడానికి లేదు."

"ఖాయమా?"

"రుజువుంది," అన్నాడు చెంచురామయ్య.

సంపత్ జీవితంలో ఏ రుజువునూ నమ్మలేదు. లెక్కల పరీక్ష మూడుసార్లు పోయింది అందుకే. మిగతా ఎనభై తొమ్మిదిలో ఎక్కడైనా ఒక అంకె తప్పయితే? ముసలాయన చెయ్యి వణికి జాబితాలో ఏడును ఒకటని కొట్టి ఉంటే? అడగడానికి టైమ్ లేదు. శేషం సున్నా కొట్టి కమాండ్ పంపాడు. పావురం పన్నెండు సెకన్లు ఆలోచించి ఎర్ర లైటు చూపింది. శేషం ఒకటి. మళ్లీ పన్నెండు సెకన్లు. మళ్లీ ఎర్ర లైటు.

ఒకటి యాభై ఐదు, నలభై సెకన్లు. వేలు బటన్ మీద ఉంది. నొక్కకపోతే ఇరవై సెకన్లలో పేలుతుంది. నొక్కి తప్పయితే ఇప్పుడే పేలుతుంది. తేడా ఏముంది అనుకోవచ్చు. కానీ పేల్చింది కార్వర్ వేలు కావడం వేరు, తమ్ముడి వేలు కావడం వేరు. సంపత్ మాస్టారి ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లు మూసుకుని లేడు, మొక్కుకోవడం లేదు. జవాబు పేపరు ఇవ్వబోయే కుర్రాణ్ని చూస్తున్నట్టు ఓపిగ్గా చూస్తున్నాడు.

నొక్కాడు.

పన్నెండు సెకన్లంటే ఎంతో ఆ మధ్యాహ్నం దాకా సంపత్‌కు తెలియదు. పచ్చ లైటు వెలిగేసరికి ఒకటి యాభై ఐదు, యాభై ఆరు సెకన్లు. కాళ్ల కింద నేల కదల్లేదు. ఫ్యాన్ మామూలుగా తిరుగుతోంది. సంపత్ ఏడ్చాడు, చాటుగా కాదు, మాస్టారి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

దూరంగా కాచుకున్న పోలీసులు పది నిమిషాల్లో వచ్చి కార్వర్‌నూ గార్డులనూ ఎక్కించుకున్నారు. వాళ్లను పట్టుకోవడం కంటే వాళ్ల ముఖాలు కడగడమే పెద్ద పనైంది. లిఖిత కళ్లు ఉబ్బి, కాటుక గడ్డం దాకా కారి, రెండేళ్లలో మొదటిసారి మామూలు మనిషిలా ఉంది. ఎవరూ ఏమీ అడక్కముందే, తనను ఈ అవతారంలో ఫోటో తీస్తే కార్వర్ పక్షానికి తిరిగి వెళ్లిపోతానని హెచ్చరించింది.

మూడింటికి సైరన్ మోగింది. ఇంక్లైన్ మూతి దగ్గర షిఫ్ట్ బయటికొచ్చింది. నల్లటి ముఖాలు, తెల్లటి కళ్లు, ఇంటికి పోయే తొందర. సంపత్ ఒక్కొక్కరినీ లెక్కబెట్టాడు. నలభై మూడో మనిషి ఎల్లస్వామి. తమ్ముణ్ని చూసి ఆగాడు.

"ఏందిరా గిట్లొచ్చినవ్? కండ్లేంది గట్ల ఎర్రగున్నయ్?"

"కారం పడ్డది అన్నా."

ఎల్లస్వామి నీళ్ల సీసా మూత తీసి, తమ్ముడి తల వంచి, కళ్లు కడిగాడు. చిన్నప్పుడు కడిగినట్టే, కాస్త మొరటుగా. సంపత్ ఇంకాసేపు కళ్లు మండుతున్నాయనే చెప్పాడు.

మర్నాడు దవాఖానాలో మాస్టారి మంచం దగ్గరికి జయప్రకాశ్ స్వయంగా వచ్చాడు. వాంగ్మూలం టైప్ చేయించి తెచ్చాడు. చెంచురామయ్య కుడిచేత్తో పెన్ను తీసుకుని, మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాడు. నిందితులు వాడిన లోపభూయిష్టమైన ప్రైమ్ సంఖ్య అని ఉంది అక్కడ. ఆ ముక్క కొట్టేస్తే తప్ప సంతకం పెట్టనన్నాడు. ప్రైమ్‌లో ఏ లోపమూ లేదట, లోపమంతా దాని ముందు సంఖ్యలో ఉందట. అలా రాస్తే కోర్టులో ఎవరికీ అర్థం కాదని జయప్రకాశ్ బతిమాలాడు. అర్థమయ్యేదాకా తానొచ్చి బోర్డు మీద చెబుతానన్నాడు మాస్టారు.

కార్వర్ ముఠా మొత్తం నేరం ఒప్పుకుని ఎనిమిది నెలలైంది. కేసు మాత్రం ఇంకా మాస్టారి సంతకం దగ్గరే ఆగి ఉంది.